ఉడకబెట్టని ఎరుపు

రంగు పక్కాగా పట్టిందో లేదో చూడటానికి రంగులవాడికి పెద్ద పరీక్షలేవీ ఉండవు. బొటనవేలు తడి చేసుకుని నూలు మీద గట్టిగా రుద్ది, వేలు చూసుకుంటాడు. వేలు మామూలుగా ఉంటే పని అయిపోయినట్టు. నా వేలు ఎర్రగా వచ్చిన సాయంత్రం, మా బావ నేసిన అయిదు చీరలు మడతలు పెట్టుకుని తెల్లగుడ్డలో మూటగట్టి ఉన్నాయి. తెల్లవారితే అవి మట్టెవాడకు పోవాలి.

వేలు పంచె అంచుకు తుడుచుకున్నాను. మరక పంచె మీద పడింది. ఆ అంచు లోపలికి మడిచి దోపుకున్నాను. నేను రాయబోయేది ఆ తరువాత నేను చేసిన పనుల గురించి, చేయకుండా ఊరుకున్న పనుల గురించి.

అవి పంతొమ్మిది వందల అరవై దాటిన తొలి ఏళ్లు. నాకు ఇరవై రెండు. అమ్మానాన్నలు పోయాక వరంగల్లు కొత్తవాడలో అక్కాబావల ఇంట్లోనే ఉంటూ, వాళ్ల జంపకానాలకు నూలు రంగు వేసేవాడిని. బావ జంపకానాలు నేసేవాడు. మితభాషి. మగ్గం గుంటలో కూర్చుంటే పక్కన పిడుగు పడినా తల ఎత్తడు. ఆయనకు ఒకే ఒక్క పిచ్చి ఉండేది. ఖాళీ సిమెంటు సంచుల కాగితం తెచ్చి, నీలం పెన్సిలుతో దాని మీద గీతలు గీసుకునేవాడు. జంపకానా మీద వచ్చే మెట్ల గీత, దాన్ని సన్నం చేసి, వంచి, అడ్డంగా పరిచి, చీర మీదకు ఎక్కించాలని ఆయన తాపత్రయం. తెల్లటి చీర ఒంటి మీద ఎర్రని మెట్లు కుచ్చిళ్ల దగ్గర మొదలై భుజం దాకా ఎక్కుతూ పోవాలి. పైట అంతా నిండు ఎరుపు. అటువంటిది అప్పటికి మేమెవ్వరం చూడలేదు.

ఆ గీతల వెనక ఒక తొందర కూడా ఉండేది. బావ వాళ్ల అన్న అప్పటికే బొంబాయి దగ్గరి భీవండి పోయి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి కుదిరాడు. ఉగాది లోపల వస్తే నీకూ చోటు పెట్టిస్తా, ఆలస్యమైతే నా చేతిలో లేదు అని కబురు చేశాడు. జంపకానాలకు గిరాకీ తగ్గింది. అక్క ఒకసారి భీవండి పోయి చూసి వచ్చింది. పది మంది ఒకే గదిలో పడుకోవడం, గోడ అవతలే రాత్రీపగలూ సాంచాల మోత. వచ్చిన రోజే చెప్పింది: "నేను ఈడనే గంజి తాగి బతుకుత గని ఆడికి రాను. ఆ సప్పుడుకు నా బిడ్డ ఏడ్సినా నాకు ఇనబడది." బిడ్డకు అప్పటికి ఏడాది.

మట్టెవాడలో ఒక బట్టల షావుకారు ఉండేవాడు. చిన్న ఊళ్ల దుకాణదారులందరూ ఉగాదికి, పెళ్లిళ్లకు ఆయన దగ్గరే సరుకు ఎత్తుకుపోయేవారు. ఆ ఏడు ఆయన బొంబాయి పోయినప్పుడు అక్కడ మిల్లువాళ్లు కొత్త చీరలను అలమారాలో పెట్టి చూపకుండా, ఆడవాళ్లకు కట్టించి, జనం ముందు నడిపించడం చూశాడట. వచ్చినప్పటి నుంచి ఆయనకు అదే ధ్యాస. తానూ నడిపిస్తానన్నాడు. బావ గీసిన కాగితం చూసి, "అయిదు చీరలు నేసి తీస్కరా. వచ్చినోళ్లు మెచ్చుకున్నరా, నీకు ఆరు మగ్గాలకు సరిపోను పని నేనిస్త. మెచ్చుకోలేదా, ఇగ నన్ను అడగకు," అని మాట ఇచ్చాడు.

అంటే ఆ అయిదు చీరల మీదే అక్క కొత్తవాడలో ఉండటమా, భీవండి పోవడమా అన్నది ఆధారపడి ఉంది. అది మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన పనీ లేదు.

ఎరుపు నేను వేశాను. తెల్లనూలును మొదట ఒక గంగాళంలోని మందునీళ్లలో ముంచి పిండాలి. తరువాత రెండో గంగాళంలో ముంచగానే కళ్లముందే ఎర్రబడుతుంది. చూపులకు పని అక్కడితో అయిపోయినట్టే. కాని నూలు పైన అంటుకుని ఉన్న రంగుపొడి పోవాలంటే, సబ్బునీళ్లలో గంటసేపు ఉడకబెట్టి, జాడించి ఆరవేయాలి. జంపకానా నూలుకు ఆ చివరి పని నేను ఎన్నడూ చేయలేదు. జంపకానా నేల మీద పరిచేది. దులుపుతారు, ఎండకు వేస్తారు. ఉతికేదెవరు? అందుకే బావ ఆ ఉదయం సబ్బు, కట్టెలు తెచ్చి పడేసి మరీ చెప్పాడు: "బామ్మర్దీ, ఇది జంపకాన గాదు. పెయ్యి మీద కట్టేది. మంచిగ ఉడకబెట్టు."

"ఫికర్ చేయకు బావా," అన్నాను.

మధ్యాహ్నం స్నేహితులు వచ్చారు. హనుమకొండలో కొత్త సినిమా వచ్చిందన్నారు. కట్టెలు రాజేసి, సబ్బు కరిగించి, గంటసేపు కర్రతో తిప్పుతూ కూర్చుంటే ఆట దాటిపోతుంది. ఎర్రనూలు చన్నీళ్లలో రెండుసార్లు జాడించి, దండెం మీద వేసి వెళ్లిపోయాను. చన్నీళ్లు మొదటిసారి ఎర్రగా, రెండోసారి గులాబీరంగుగా పారాయి. అది నేను చూశాను. చూడలేదని ఇప్పుడు రాసినా ఎవరూ కాదనలేరు. కాని చూశాను.

సాయంత్రం బావ దండెం దగ్గర నిలబడి ఉన్నాడు. "ఉడకబెట్టినవా?"

"ఉడకబెట్టిన."

అంతే. రెండు నెలల పాటు అది నాకు మళ్లీ గుర్తే రాలేదు. బావ నేశాడు, రెండో మగ్గం మీద అక్క నేసింది. వాళ్ల వేళ్ల కొసలు ఎర్రబడ్డాయి. పుట్టినప్పటి నుంచి రంగునూలు పట్టుకున్న చేతులవి. వాళ్లకు అది వింతగా తోచలేదు. ఇంకెవరైనా అయితే మొదటిరోజే పట్టుకునేవారు.

ముందురోజు సాయంత్రం చీరలు మడత పెడుతూ అక్క నవ్వుతూ అడిగింది. "ఏం తమ్మీ, ఇవి ఉతికినంక గూడ ఇట్లనే ఉంటయా?" అప్పుడు నాకు ఆ గులాబీరంగు నీళ్లు గుర్తొచ్చాయి. అక్క నీళ్లకు పోగానే మూట విప్పి, వేలు తడిచేసి రుద్దాను.

ఎరుపు.

ఇంకో చీర తీశాను. ఎరుపు. అయిదింటికి అయిదూ.

చేసేదేమీ లేదు. నేసిన చీరను ఇప్పుడు సబ్బునీళ్లలో వేస్తే వదిలిన రంగంతా తెలుపును పట్టుకుంటుంది. మూట మళ్లీ కట్టి, చెబుదామనే బావ దగ్గరికి పోయాను. ఆయన మంగలితో జుట్టు కత్తిరించుకుని వచ్చి, చెంబులో నిప్పులు పోసి, ఉన్న ఒక్క తెల్ల అంగీని ఇస్త్రీ చేస్తున్నాడు. పాట పాడే అలవాటు లేని మనిషి, గొంతులో ఏదో సన్నగా తీస్తున్నాడు. నన్ను చూసి ఆపేశాడు, సిగ్గుపడినట్టు. "రేపు నువ్వు గూడ తెల్లంగీ ఏస్కో," అన్నాడు. నేను తల ఊపాను. ఆ రాత్రి నాకు చలిజ్వరం వచ్చినట్టు పళ్లు కొట్టుకున్నాయి. అక్క దుప్పటి కప్పింది.

షావుకారు ఏర్పాటు ఆయన దుకాణం పైన గోదాములో. పైన రేకులు. ఫాల్గుణం సగంలో, మధ్యాహ్నం మూడు గంటలు. మెట్లు ఎక్కగానే మొహం మీద పెనం బోర్లించినట్టు వేడి తగిలింది. చెమట పడుతుంది. నాకు ముందు అదే తోచింది. చెమట పడితే చాలు.

గది పొడుగునా బావ నేసిన జంపకానా ఒకటి పరిచారు. దాని మీదే నడవాలి. అటూ ఇటూ బల్లల మీద దుకాణదారులు ముప్పై నలభై మంది. ఒక పక్క తెర కట్టి, దాని వెనక షావుకారు ఇంటి ఆడవాళ్లు. చీరలు కట్టుకుని నడవడానికి ఏ ఇంటి ఆడపిల్లా ఒప్పుకోలేదు. చివరికి పంతులమ్మ ట్రైనింగు చదువుతున్న అయిదుగురు పిల్లలు, కట్టుకున్న చీర తమకే ఇస్తారంటే ఒప్పుకున్నారట. వెనక చిన్నగదిలో వాళ్లు తయారవుతున్నారు. మడతలు విప్పి చీరలు అందించడం నా పని.

కొత్తబట్టకు పసుపు పెట్టనిదే మాలో ఎవరూ కట్టరు. షావుకారు ఇంట్లో ఆ పని ఆయన తల్లిది. ముసలమ్మ గిన్నెలో తడి పసుపు కలుపుకుని గది ముందు పీట మీద కూర్చుంది. ఒక్కొక్క చీర చెంగు ఆమె ముందు పట్టాలి. ఆమె వేలు ముంచి అద్దుతుంది. తడివేలు. పైట చెంగు అంతా ఎరుపు.

"ఏం బిడ్డా, అట్ల వణుకుతానవ్? నేనేమన్న కరుస్తనా?"

"లేదు అవ్వా. జరం."

ఎరుపు చెంగు కిందికి మడిచి, చీర రెండో కొసనున్న తెల్ల మూల ముందు పెట్టాను. ఆమె తెలుపు మీద పసుపు అద్దింది. అయిదింటికీ అలాగే పెట్టాను. నా తెలివికి నేనే సంతోషించాను కూడా. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పిల్లలు చీరలు కట్టుకుని గదిలోంచి వచ్చి వరుసగా నిలబడ్డారు. పిలుపు రావడానికి ఆలస్యమవుతోంది. షావుకారు ముందు బొంబాయి గురించి చెబుతున్నాడు, ఆపడం లేదు. ఒక పిల్ల నుదుటి మీద చెమట చుక్క కనిపించింది. ఇంకో పిల్ల మెడ వెనక. మూలన ఉన్న తాటాకు విసనకర్ర తీసుకుని నేను విసరడం మొదలుపెట్టాను. ఒకరి తర్వాత ఒకరికి, అటు పరుగెత్తి, ఇటు పరుగెత్తి. వాళ్లు ముఖాలు చూసుకున్నారు.

"ఏందన్నా, మేమేమన్న పెండ్లిపిల్లలమా?" అంది మొదటి పిల్ల.

"పెండ్లిల గూడ ఇట్ల ఎవ్వరు ఇసరరే," అంది రెండోది. "అన్నా, నీకే చెమటలు గారుతానయ్. జర నీకు గూడ ఇసురుకో."

అందరూ నవ్వారు. నేను ఆపలేదు. పొడుగాటి మెడ ఉన్న చివరి పిల్ల మాత్రం నవ్వకుండా, "అన్నా, దవాఖానకు పోయిరారాదు? మొహం తెల్లగ పాలిపోయింది," అంది. ఆమె తెల్ల రవిక తొడుక్కుని ఉంది. పైట దాని మీద ఆనుకుని ఉంది. నేను ఆ భుజాన్నే చూస్తూ విసురుతున్నాను.

పిలుపు వచ్చింది. మొదటి పిల్ల నడిచింది.

జంపకానా మీద మెట్లు, చీర మీద మెట్లు. పిల్ల సగం దూరం పోయేసరికి మరిపెడ నుంచి వచ్చిన దుకాణదారు ఒకాయన గట్టిగా అన్నాడు: "సేటూ, మా దిక్కు ఆడోళ్లు దీన్ని కట్టరు. పరుసుకుంటరు!"

గది అంతా ఘొల్లుమంది. తెర వెనక కూడా నవ్వులు. "నిజమేనే, జంపకాన చుట్టుకొచ్చినట్టే ఉన్నది." "ఆ పిల్లను సూడు, యాడ కింద పరుస్తరో అని భయపడతాంది." బావ గోడవార నిలబడి ఉన్నాడు. తెల్లంగీ, చేతులు కట్టుకుని. ముఖంలో ఏ మార్పూ లేదు.

రాయడానికి కష్టమైన సంగతి ఒకటి. ఆ నవ్వు విని నాకు ప్రాణం లేచొచ్చింది. చీరలు నచ్చకపోతే ఆ పిల్లలూ వద్దంటారు, మడతపెట్టి ఇంటికి తెచ్చుకుంటాం. ఎవరూ కొనరు, ఎవరూ ఉతకరు, నా సంగతి బయటపడదు. అక్క భీవండి పోతుంది, నేను బయటపడతాను. ఆ లెక్క నా మనసులో ఒక్క క్షణంలో పూర్తయింది.

రెండో పిల్ల, మూడో పిల్ల నడిచారు. నవ్వు తగ్గింది. నాలుగో పిల్ల పోతుంటే గది ఊరకే చూసింది. చివరి పిల్ల వెళ్లింది. పొడుగు పిల్ల, వీపు నిటారుగా ఉంచి మెల్లగా నడిచింది. ఎర్రమెట్లు ఆమె నడుస్తుంటే పైకి ఎక్కుతున్నట్టు కనిపించాయి. బావ సిమెంటు కాగితం మీద గీసింది అదే. అది అప్పుడు నాకు అర్థమైంది. ఆగి ఉన్న చీర కోసం కాదు, నడిచే మనిషి కోసం గీశాడు ఆయన.

తెర పక్కకు తొలగింది. షావుకారు తల్లి తల బయటపెట్టి, "ఆగు బిడ్డా, మల్లొక్కసారి నడువు," అంది. పిల్ల మళ్లీ నడిచింది. ముసలమ్మ కోడళ్ల వైపు తిరిగింది. "నవ్వుతానరా? మీ వయసుల నాకు ఇట్లాంటిది దొరికితే ఇడుస్తుంటినా! ఈసారి పెండ్లిళ్లకు మీ ముగ్గురికి ఇవే."

అంతే, గాలి మారింది. జనగామ ఆయన, "నాకో పది రాయి సేటూ," అన్నాడు. మరిపెడ ఆయన గొంతు సవరించుకుని, "మా ఊరోళ్లు కడ్తరో పరుస్తరో తెల్వది గని, నాకు గూడ ఓ ఆరు," అన్నాడు. మళ్లీ నవ్వులు, ఈసారి మంచివి. షావుకారు బావ భుజం మీద చెయ్యి వేశాడు. బావ అప్పుడు నవ్వాడు. నా వైపు చూసి నవ్వాడు.

వెనక గదిలోంచి అరుపు వినిపించింది. "ఓయమ్మో, నెత్తురు!"

నాకు తెలుసు. అందరూ పరుగెత్తారు, నేను కదలలేదు. పొడుగు పిల్లే. పైట తీసేసరికి మెడ మీద, జబ్బ మీద ఎర్రటి చారలు, తెల్ల రవిక భుజం అంతా ఎరుపు. తెగిందనుకుని ఏడుస్తోంది. పక్క పిల్ల తడిగుడ్డతో తుడిచి, గుడ్డ చూసి, "నెత్తురు గాదే, రంగు," అంది.

షావుకారు తెర దాటి రాలేదు. ఆయన భార్య రవిక పట్టుకొచ్చి చూపించింది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"గిదేందోయ్?" అన్నాడు బావతో.

బావ ఆ ఎరుపును దగ్గరగా చూశాడు. నన్ను పిలిచాడు. వచ్చి నిలబడ్డాను. దుకాణదారులందరూ చుట్టూ ఉన్నారు.

"బామ్మర్దీ, సబ్బుల ఉడకబెట్టినవా?"

అడగడంలో అనుమానం లేదు. తనకు తెలిసిన సంగతే పదిమందికీ వినిపించాలని అడిగాడు. అక్కడ నేను 'లేదు' అనవచ్చు. తన్నులు పడేవి, తిట్లు పడేవి. పెళ్లిళ్ల దాకా గడువిస్తే మళ్లీ సరిగ్గా నేసిస్తాం అని అడిగే దారి బావకు ఉండేది. అదంతా నాకు అప్పుడు తోచింది. తరువాత తోచిందని చెప్పుకోను. కాని నలభై మంది మొహాలు నా మీద ఉన్నాయి. నాలుక దానంతట అదే కదిలింది.

"ఉడకబెట్టిన బావా. గంటసేపు."

షావుకారు తల పంకించాడు. "పిలగాడు ఉడకబెట్టిండట. అయితే తప్పు గీతలనే ఉన్నది. ఇంత మందం ఎరుపు పెడ్తే యాడ ఆగుతది? తెలుపు మీద ఇంత ఎరుపు ఎవడన్న పెడ్తడా? జంపకానను జంపకాన లెక్క ఉంచాలె. నీకు అక్కెరలేని ఆశ పుట్టింది."

బావ వాదించలేదు. నన్ను నమ్మాడు. నన్ను నమ్మాడు గనుక షావుకారు మాటనూ నమ్మాడు. చీర ఒకటి చేతిలోకి తీసుకుని, ఎర్రమెట్టు వెడల్పును వేళ్లతో కొలిచి చూసుకుంటూ నిలబడ్డాడు. "మందమైంది," అన్నాడు, తనలో తాను. "అవును సేటూ, మందమే అయింది."

దుకాణదారులు ఒక్కొక్కరే చెప్పులు తొడుక్కున్నారు. "చెప్తిని గదా, పరుసుకునేదే," అంటూ మరిపెడ ఆయన మెట్లు దిగాడు. పిల్లలు చీరలు వద్దని మడతపెట్టి అక్కడే వదిలేసి పోయారు.

ఉగాదికి నాలుగు రోజుల ముందు అక్కాబావలు వెళ్లిపోయారు. పోయే ఉదయం అక్క ఆ సిమెంటు కాగితాలన్నీ పొయ్యిలో పెట్టి రాజేసింది. బావే తెచ్చి ఇచ్చాడు. "రంగు ఆగని గీతలు ఉండి ఏం లాభం," అన్నాడు. స్టేషనులో రైలు కదిలేలోపు చెబుదామనుకున్నాను. కిటికీ దగ్గర అక్క బిడ్డను ఒడిలో పెట్టుకుని, ఎవరివైపూ చూడకుండా కూర్చుంది. చెబితే ఆమె కళ్లు నా వైపు తిరుగుతాయి. ఆ చూపుకు భయపడ్డాను. రైలు పోయింది.

ఆ తరువాత నేను రంగు వేసిన నూలును ఒక్కసారి కూడా ఉడకబెట్టకుండా వదలలేదు, జంపకానా నూలైనా సరే. "నిక్కచ్చి మనిషి," అని కొత్తవాడలో నాకు పేరొచ్చింది. ఎవరైనా అలా మెచ్చుకున్నప్పుడు మాట మార్చేవాడిని. అది వినయం అనుకునేవారు.

ఏడేళ్ల తరువాత భీవండి పోయాను. అక్క చిక్కిపోయింది కాని నవ్వుతూనే ఉంది. ఇద్దరు పిల్లలు. సాంచాల మోతకు బావ వినికిడి మందగించింది. ఇంట్లో అక్క వినకుండా చెప్పాలి, బావకు వినిపించేట్టు చెప్పాలి. అది ఆ గదిలో కుదిరే పని కాదు. చాయ్ హోటలుకు తీసుకుపోయాను.

"బావా, ఆ ఎరుపు నేను ఉడకబెట్టలే."

"ఆఁ?"

"ఉడకబెట్టలే."

"గట్టిగ చెప్పు రా. ఇనబడది."

గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టాను, చాయ్ ఒలికింది. "ఉడకబెట్టలే బావా! సిన్మాకు పోయిన! సేటు ముంగట అబద్ధమాడిన!" హోటలు మొత్తం తిరిగి చూసింది. పక్క బల్ల దగ్గర కూర్చున్న మన దిక్కువాళ్లు ఇద్దరు కూడా.

బావ నన్ను చూడలేదు. బల్ల మీద ఒలికిన చాయ్‌లో వేలు పెట్టి, మెల్లగా ఒక మెట్టు గీశాడు. ఇంకో మెట్టు.

"అయితే మందం గాదు," అన్నాడు.

"గాదు బావా."

"ఏడేండ్ల సంది మనసుల సన్నగ చేస్కుంట వస్తాన. ఎంత సన్నగ చేస్తే ఆగుతుండెనో అని. ఇగ దారమంత సన్నగ అయింది." వేలు తుడుచుకుని, "సేటుకు చెప్పినవా?" అన్నాడు.

"లేదు."

"నాకెందుకు చెప్తానవ్ మరి? ఆయనకు చెప్పు. నువ్వు యాడ అబద్ధమాడినవో ఆడ నిలబడి చెప్పు. గీత మంచిగనే ఉండెనని చెప్పు." లేచి అంగీ సర్దుకున్నాడు. పనివేళ అయింది. గుమ్మం దగ్గర ఆగి, "మీ అక్కకు చెప్పకు. ఇప్పుడిప్పుడే ఈడ నిమ్మలమైంది," అన్నాడు. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు.

వరంగల్లు వచ్చాక షావుకారు దుకాణం ముందు నుంచి నాలుగుసార్లు నడిచి పోయాను. లోపలికి పోలేకపోయాను. ఆయన అరుస్తాడని కాదు, ఆ గోదాము మెట్లు పక్కనే కనిపించేవి. అయిదోసారి పోయాను. షావుకారు ముసలివాడయ్యాడు. అద్దాల అలమారాల నిండా నైలాన్ చీరలు. చెప్పుకోవలసింది నిలబడే చెప్పాను.

"ఏ చీరలు?" అన్నాడు.

"మీ పైన గోదాముల... ట్రైనింగు పిల్లలు నడిసిండ్రు సేటూ."

"ఓ, అదా! ఓ పిల్ల నెత్తురు నెత్తురని లొల్లి చేసింది గదా!" కడుపు ఊగేలా నవ్వాడు. "చీరలు యాదికి లెవ్వు. ఎట్లుండె?"

తెలుపు మీద ఎర్రమెట్లు అని చెప్పాను. నేలమీద వేలితో గీసి చూపాను. ఆయన వంగి చూసి, తల అడ్డంగా ఆడించాడు. "ఏమో. ఎవరు నేసిండ్రు?" బావ గురించి చెప్పాను. ఆయనకు మనిషీ గుర్తు రాలేదు. "ఇప్పుడు అవెవ్వరు కడ్తరు పిలగా? ఇగో నైలాన్ సూడు. నీళ్లల్ల ముంచి తీస్తే అయిపాయె. ఉడకబెట్టే పనే లేదు." పనివాణ్ణి పిలిచి నాకు సోడా తెప్పించాడు. తాగాను.

బావకు కార్డు రాశాను. 'సేటుకు చెప్పిన' అని, అంతే. సేటు అన్నది రాయలేదు.

పదిహేను రోజులకు జవాబు వచ్చింది. బావ స్వయంగా రాశాడు, నీలం పెన్సిలుతో, పెద్ద అక్షరాలు. అక్కా పిల్లలూ బాగున్నారనీ, రెండో వాడికి జ్వరం తగ్గిందనీ రాసి, కింద అడిగాడు: 'సేటు ఏమన్నడు? గీత మంచిగుండెనని ఒప్పుకున్నడా?'

ఒప్పుకున్నాడని రాయడానికి కార్డు తెచ్చుకున్నాను. ఇంకో అబద్ధం అని ఆగాను. మరిచిపోయాడని రాయడానికి ఇంకో కార్డు తెచ్చుకున్నాను. భయపడి ఆగాను. రెండూ చాలా రోజులు గూట్లో ఉన్నాయి. బావ మళ్లీ అడగలేదు. తరువాత అక్క రాసిన ఉత్తరాల్లో ఆ మాట ఎప్పుడూ రాలేదు. బావ పోయాడని కబురు వచ్చేనాటికి కూడా ఆ జవాబు నేను రాయలేదు.